విప్పిన వరసలు

నవంబరు 3, సోమవారం

పెళ్లయి ఇవాళ్టికి డెబ్బై రోజులు. ఈ ఇంట్లో నా సామానంతా సర్దడం అయిపోయింది. నేనే ఇంకా సర్దుకోలేదు.

కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను. కారణం ఊలు. సోఫా మీద ఊలు, కిటికీ గూట్లో ఊలు, ఫ్రిజ్ మీద ఊలు. నిన్న చక్కెర డబ్బా మూత తీస్తే లోపల ఆకుపచ్చ ఊలు ఉండ కూర్చుని ఉంది. చక్కెర ఎక్కడికి వెళ్లిందో సాయంత్రం దాకా తెలియలేదు.

ఆ ఊలంతా ఈయన మొదటి భార్య వాళ్ల అమ్మది. పెద్దావిడ. కూతురు పోయినప్పటి నుంచి, ఐదేళ్లుగా మనవరాలిని పెంచుతూ ఇక్కడే ఉంది. ఈయన ఆవిడని అత్తయ్యా అంటారు. పిల్ల అమ్మమ్మా అంటుంది. పిల్ల నన్ను పిన్నీ అంటుంది, అది బాగానే ఉంది. నేను మాత్రం పెద్దావిడని ఏమీ అనను. ఏమనాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. డెబ్బై రోజులుగా పిలుపు లేకుండానే నెట్టుకొస్తున్నాను. ఆవిడ అటు తిరిగి ఉంటే, చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడి, అప్పుడు మాట మొదలుపెడతాను. నిన్న ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఎవరో వచ్చారు. తలుపు మీద రెండుసార్లు కొట్టి, "అదీ... ఎవరో వచ్చారండీ" అన్నాను.

"ఆ అదీ ఇప్పుడే వస్తోందని చెప్పు" అంది లోపలి నుంచి.

నవంబరు 5, బుధవారం

అక్కతో ఫోన్‌లో అరగంట మాట్లాడాను. మనసులో ఉన్నదంతా కక్కేశాను. "నా ఇంట్లో నేనే చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇంతే" అన్నాను. ఆ మాటే అన్నాను.

పెద్దావిడ పక్క గదిలో ఉంది. సూదుల టిక్కుటిక్కు వినిపిస్తూనే ఉంది. విని ఉంటే ఆగేది కదా. కాబట్టి వినలేదు.

నవంబరు 6, గురువారం

భోజనాల దగ్గర పెద్దావిడ పిల్ల వీపు మీద చెయ్యి వేసి ఒక ప్రకటన చేసింది. "దీనికి దుప్పటి అల్లుతున్నా కదా. అది అయిపోగానే నేను చిన్నదాని దగ్గరికి వెళ్లిపోతా."

చిన్నది అంటే ఆవిడ రెండో కూతురు. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉంటుంది. పిల్ల చెంచా కింద పెట్టేసింది. ఈయన లిఫ్టు మెకానిక్. లిఫ్టులతో మాట్లాడినన్ని మాటలు మనుషులతో మాట్లాడరు. కంచం వంకే చూస్తూ, "మీ ఇష్టం అత్తయ్యా" అన్నారు. నేను "అయ్యో, ఎందుకండీ" అన్నాను. అనాల్సినంత గట్టిగా అనలేదు.

మొత్తం రెండు వందల నలభై వరసలట. ఇప్పటికి తొంభై అయ్యాయి. రోజుకి ఆరు వేసుకుంటే నెల కూడా పట్టదు.

ఫోను సంగతికీ దీనికీ సంబంధం లేదు. సూదులు ఆగలేదు కదా.

నవంబరు 9, ఆదివారం

ఇవాళ సెలవు. పొద్దుటి నుంచి పెద్దావిడని గమనిస్తూ కూర్చున్నాను. ఏ ఊలు ఎక్కడ పెడుతుందో తెలిస్తే నా చక్కెర నాకు దక్కుతుందని.

తెలిసింది వేరే. ఆవిడ అల్లడానికని ఎప్పుడూ కూర్చోదు. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోగా నిలబడే ఒక వరస. వాషింగ్ మెషిన్ చివర్లో గిరగిరా తిరుగుతూ ఊగిపోతుందే, అప్పుడు దాని మీద ఒక మోచెయ్యి ఆనించి ఇంకో వరస. గ్యాసు వాళ్లకి ఫోన్ చేస్తే అటు నుంచి పాట మొదలైంది. ఫోను బల్ల మీద పెట్టి, ఆ పాటతో పాటు వరసన్నర. పాట ఆగి మనిషి గొంతు వినబడగానే సూదులు ఆపకుండానే, "ఆ బాబూ, చెప్పు" అంది, ఏమీ ఎరగనట్టు. సూదుల వంక ఒక్కసారి కూడా చూడలేదు.

నేను కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తాను. పదిహేనేళ్లుగా నా చేతులు కూడా ఆవగింజంత స్క్రూలతోనే బతుకుతున్నాయి. మంచి చేతుల్ని చూస్తే గుర్తుపడతాను. ఇలాంటివి చూడలేదు.

ఉండబట్టలేక అడిగాను. "తీరిగ్గా కూర్చుని అల్లుకోవచ్చు కదండీ?"

"తీరిక దొరికాక అల్లుదామనుకుంటే ఈ జన్మకి ఒక మేజోడు కూడా అవదమ్మాయ్. కాచుకునే టైము ఎలాగూ పోయేదే. పోతున్నదాన్ని పట్టుకుని వరస చేస్తా, అంతే."

అప్పుడు దుప్పటి ఒళ్లో పరిచి, వేలు పెట్టి పుస్తకం చదివినట్టు చదివింది. "ఇది పాలు. ఇది బ్యాంకు. ఈ రెండూ వానకి బస్సు రాని రోజు. ఇదేమో దీని స్కూలు వాళ్లు మీటింగని పిలిచి గంటసేపు కూర్చోబెట్టిన రోజు. చూడు ఎంత బిగుతుగా వచ్చిందో. అదంతా కోపం."

ముట్టుకుని చూశాను. నిజంగానే బిగుతుగా ఉంది. గట్టిగా నవ్వేశాను. ఈ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం ఇదే మొదటిసారి. పిల్ల తన గదిలోంచి తల బయట పెట్టి నన్ను చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

నవంబరు 13, గురువారం

పిల్లకి పన్ను నొప్పి. ముగ్గురం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పిల్లని లోపలికి తీసుకెళ్లారు. పెద్దావిడ కుర్చీలో కూర్చోగానే సంచిలోంచి దుప్పటి బయటికి తీసింది. కౌంటర్లో అమ్మాయి కాగితం నింపుతూ నన్ను అడిగింది.

"పాపకి మీరేమవుతారు?"

"పిన్నిని."

"ఆవిడ?"

"అమ్మమ్మ."

"అయితే మీరిద్దరూ తల్లీకూతుళ్లు" అని రాయబోయింది. తప్పేముంది, పిన్ని అంటే అమ్మ చెల్లెలు కదా, లెక్క ప్రకారం అంతే. నేను మాత్రం "కాదండీ" అన్నాను. ఎంత గబుక్కున అన్నానంటే, పక్కన పేపరు చదువుతున్నాయన కూడా తలెత్తి చూశాడు.

"మరి మీకు ఆవిడ ఏ వరస?"

వెనక నుంచి పెద్దావిడ సూదులు పైకెత్తి చూపించింది. "నూట ముప్పయ్యో వరస. రాసుకో తల్లీ."

హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా ఆ "కాదండీ" నన్ను వదల్లేదు. ఆవిడ ఒక మాట అంటే బాగుండేది.

నవంబరు 15, శనివారం

దుకాణంలో తలవంపులయ్యాయి. ఒక సంగీతం టీచరు కళ్లజోడులో కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి బిగించాను. ఆవిడ మెట్లు రెండేసిగా కనబడి పడబోయిందట. అందరి ముందూ దులిపేసింది. పదిహేనేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఈ మధ్య బుర్ర స్థిమితంగా లేదు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూలబడ్డాను. పెద్దావిడ ఏమైందని అడగలేదు. చిన్న ముక్క ఒకటి, రెండు సూదులు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మూడో వరసలో తప్పుంది. అక్కడిదాకా విప్పు."

"నాకు అల్లడమే రాదండీ."

"అల్లడం ఎవరైనా నేర్పుతారు. ముందు విప్పడం రావాలి. విప్పడం వచ్చినదానికి తప్పు చేయడమంటే భయం ఉండదు."

నా పక్కనే కూర్చుని నేర్పింది. దారం మెల్లగా లాగాలి. ఒక్కో లూపూ జారకముందే సూది మీదకి ఎక్కించుకోవాలి. కంగారు పడితే మొత్తం జలజలా ఊడిపోతుంది. నాలుగుసార్లు ఊడిపోయింది. ఆవిడ నాలుగుసార్లూ మళ్లీ అల్లి ఇచ్చింది, ఒక్క విసుగు మాట లేకుండా. ఐదోసారి నిలిచింది. సంగీతం టీచరు సంగతి అప్పుడు చెప్పాను. అంతా విని, "సోమవారం వెళ్లి సరిగ్గా బిగించి, నువ్వే ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చిరా" అంది.

ఈవిడ గొప్ప మనిషి. రాసుకుంటున్నాను, ఎవరితోనూ అనను.

నవంబరు 18, మంగళవారం

టీచరు టీ ఇచ్చింది. విప్పడం బాగా వచ్చింది. అల్లడం ఇంకా రాలేదు.

నవంబరు 20, గురువారం

దుప్పటి బరువెక్కింది. ఇక బయటికి మోసుకెళ్లలేనని ఇంట్లోనే ఉంచి, స్కూలు గేటు దగ్గరికి మేజోళ్లు పట్టుకెళ్తోంది. వానకి రోడ్లన్నీ ఆగిపోయి నేను ఇంటికి చేరేసరికి గంట ఆలస్యమైంది. పెద్దావిడ కిటికీ దగ్గర నిలబడి ఉంది, చేతిలో దుప్పటి.

"వచ్చావా? ఇవాళ మూడు వరసలు నీ పేరు మీద పడ్డాయి" అంది. తువ్వాలు నా మీదకి విసిరి వంటగదిలోకి వెళ్లింది.

నూట డెబ్బై రెండు అయ్యాయి. చిన్నమ్మాయి ఫోన్ చేసింది. డిసెంబరు ఏడు ఆదివారం కారు తీసుకుని వచ్చి వాళ్లమ్మని తీసుకెళ్తుందట. నాతో "మీరు" అని మాట్లాడుతుంది, ఆఫీసులో మాట్లాడినట్టు. ఆమెకి ఇది ఇంకా వాళ్లక్క ఇల్లే. తప్పు పట్టను.

నవంబరు 21, శుక్రవారం

మధ్యాహ్నం భోజనానికి దుకాణం కాసేపు మూసే టైములో ఇంటికి వచ్చాను. పెద్దావిడ పిల్ల కోసం స్కూలుకి వెళ్లింది. నాలుగు వరసలు విప్పాను. అంచు కాస్త వంకరగా ఉంది. అందుకే.

నవంబరు 22, శనివారం

నాలుగు. అంచు.

నవంబరు 24, సోమవారం

ఆరు. అంచు ఇంకా నచ్చలేదు.

నవంబరు 25, మంగళవారం

అంచు సంగతి ఇక చాలు. అంచు ఎప్పుడూ బాగానే ఉంది. గీత గీసినట్టుంది. ఆవిడ చేతిలో వంకర ఎలా వస్తుంది?

ఆవిడ వెళ్లకూడదు. ఇదీ సంగతి. రాసేశాను.

ఆవిడ వెళ్తే పాలు పొంగడం ఉత్త పొంగడమే అవుతుంది. పిల్లకి కోపం వస్తే ఆవిడ లాగా ఎదురుగా కూర్చుని పోట్లాడటం నాకు రాదు. ఆలస్యమైతే కిటికీ దగ్గర ఎవరూ ఉండరు. ఇన్ని తెలిసీ, ఉండండి అని అడగడానికి నోరు రావడం లేదు. మూడు వారాల కిందట అక్కతో ఏమన్నానో నాకు గుర్తుంది. ఆవిడకీ గుర్తుంది. సూదులు ఆగలేదు, నిజమే. సూదుల్ని ఆపకుండా ఎంతైనా వినగలదు ఆవిడ. గ్యాసు ఫోను రోజున చూశాను కదా.

ఇంకొకటి ఇప్పుడే తట్టింది. శుక్రవారం నేను విప్పిన నాలుగింటిలో మూడు నావి. నాకోసం కాచుకుంటూ అల్లినవి. చూసుకోకుండా వాటినే లాగేశాను.

నవంబరు 26, బుధవారం

నాలుగు. పిల్ల జ్వరంతో నిద్రపోతోంది, ఆవిడ బజారుకి వెళ్లింది. ఊలు ఉండ ముందుకన్నా పెద్దదైనట్టు కనబడుతోంది. నా భ్రమ కాబోలు.

నవంబరు 27, గురువారం

నా మీద నాకే అసహ్యం వేసే రోజు.

నిన్న విప్పిన చోట అంచుకి చిన్న నీలం దారం ముడి వేశాను, ఆవిడ ఒక్క రోజులో ఎంత అల్లుతుందో చూద్దామని. ఇవాళ మధ్యాహ్నం వచ్చి చూస్తే, ఆ నీలం దారం సంచి అడుగున పడి ఉంది. దుప్పటి నేను వదిలిన చోటు కన్నా కిందికి దిగిపోయింది. అంటే ఎవరో విప్పుతున్నారు. నేను కాకుండా.

పిల్లకి జ్వరం, నిన్నటి నుంచి స్కూలుకి వెళ్లలేదు. పెద్దావిడ మందుల షాపుకి వెళ్లింది. నేను పిల్ల గదిలోకి దూసుకెళ్లి నిలదీశాను. "అమ్మమ్మ అంత కష్టపడి అల్లుతుంటే పాడు చేస్తావా? సిగ్గు లేదూ?" అన్నాను. నేను. నేను అన్నాను ఆ మాట.

పిల్ల ఏడవలేదు. రగ్గులోంచి ముక్కు మాత్రం బయట పెట్టి, "నేను కాదు పిన్నీ. సాయంత్రం నువ్వు దుకాణంలో ఉన్నప్పుడు అమ్మమ్మ విప్పుతుంది. బాల్కనీలో కూర్చుని. మధ్యాహ్నం నువ్వు విప్పుతావు, సోఫా మీద. నిన్న నేను నిద్రపోలేదు" అంది.

"ఎవరితోనైనా చెప్పావా?"

"ఎవరితో చెప్పను? మీరిద్దరే కదా ఉన్నది" అంది.

దాని పక్కన మంచం మీద కూర్చుండిపోయాను. తప్పు నాదే అన్నాను. చెయ్యి పట్టుకోనిచ్చింది. చెయ్యి ఇంకా వేడిగానే ఉంది.

నవంబరు 30, ఆదివారం

ఆవిడకి చూపు తగ్గిందేమో. తప్పులు పడుతున్నాయేమో, అందుకే విప్పి సరిచేసుకుంటోందేమో. నిన్న దుకాణం నుంచి అక్షరాల చార్టు తెచ్చాను, ఇవాళ గోడకి తగిలించి పరీక్ష చేశాను. కింది వరస దాకా గడగడా చదివేసింది. ఆ కింద చార్టు ఏ ప్రెస్‌లో అచ్చయిందో, అదీ చదివింది.

చూపుకి ఏమీ కాలేదు.

డిసెంబరు 3, బుధవారం

ఇవాళ విప్పలేదు. అడగాలి. అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకున్నాను. "వెళ్లొద్దండీ." చాలా బాగుంది. బస్సు కండక్టరు ఎక్కొద్దని చెప్పినట్టుంది.

వెనక నుంచి ఆవిడ వచ్చింది. "ఏంటమ్మాయ్, అద్దంతో?" అంది. పన్ను నొప్పి అన్నాను.

డిసెంబరు 6, శనివారం

పెట్టె సర్దింది. బట్టలు పావు వంతు, ఊలు ముప్పావు. చక్కెర డబ్బా ఖాళీ చేసి, తోమి, తుడిచి, చక్కెర నింపి నా చేతికిచ్చింది. ఇంత బాధ పెట్టిన చక్కెర డబ్బా నేను ఎక్కడా చూడలేదు. ఈయన పొద్దుటి నుంచి మా బిల్డింగు లిఫ్టే బాగు చేస్తున్నారు. అది బాగానే ఉంది.

డిసెంబరు 7, ఆదివారం

పదకొండు గంటలకి చిన్నమ్మాయి వచ్చింది. కాఫీ వద్దంది. తీసుకెళ్దామని దుప్పటి సంచిలోంచి బయటికి లాగి, అక్కడే నిలబడిపోయింది.

"ఇదేంటమ్మా, ఇంతేనా? పదిహేను రోజుల కింద ఫొటో పెడితే ఇంతకన్నా పొడుగుంది!"

"చలికి ఊలు ముడుచుకుంటుంది" అంది పెద్దావిడ, గోడ వంక చూస్తూ.

"వంద వరసలు ముడుచుకుంటుందా?"

పిల్ల చేత్తో నోరు మూసుకుంది. ఈయన చేతిలో స్పానరుతో గుమ్మంలో నిలబడ్డారు. పెద్దావిడ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. "అక్కడ పూర్తి చేసి పంపుతాలే. పద" అంది. పిల్ల తల మీద ఒకసారి చెయ్యి వేసింది. పెట్టె పిడి పట్టుకుంది. తలుపు వైపు తిరిగింది. నా వైపు వీపు.

నేను చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లి నిలబడేంత టైము లేదు.

"అమ్మా, వెళ్లకు."

నా నోట్లోంచే వచ్చిందని తెలియడానికి ఒక క్షణం పట్టింది. వెళ్లకండి అనాలి. ఆ "అండి" ఎక్కడ జారిపోయిందో నాకు తెలియదు. ఆవిడ ఆగింది, వెనక్కి తిరగలేదు. ఇక ఆపినా ఆగేలా లేను. "నేనే విప్పాను. రోజూ మధ్యాహ్నం వచ్చి విప్పాను. నువ్వు నాకోసం అల్లిన మూడూ నేనే విప్పేశాను. ఫోన్‌లో ఆ మాట అన్నదీ నేనే. నువ్వు విన్నావని నాకు తెలుసు. తప్పయిపోయింది. ఉండిపో."

అప్పుడు తిరిగింది. కళ్లనిండా నీళ్లు, గొంతు మాత్రం ఎప్పటి గొంతే. "నువ్వు విప్పుతున్నావని మొదటి రోజే తెలుసు. నువ్వు సూదికి ఎక్కించిన లూపులన్నీ తిరగబడి ఉంటాయి. అది నేర్పడం మర్చిపోయా."

"తెలిస్తే మరి నువ్వెందుకు విప్పావు?"

"నువ్వు మరీ నెమ్మది. నువ్వు రోజుకి నాలుగు విప్పుతూ, నేను ఆరు అల్లుతుంటే, దుప్పటి ఎప్పటికి ఆగుతుంది? నువ్వేమో నోరు విప్పి అడగవు. అందుకే నేనూ ఓ చెయ్యి వేశా."

ఈయన నవ్వారు. ఆయన నవ్వు వినడం నాకు కొత్త. పిల్ల వెళ్లి పెద్దావిడ నడుం పట్టుకుని వేలాడింది. పెద్దావిడ పెట్టె పిడి వదిలేసి, అక్కడే గుమ్మంలో ఉన్న చెప్పుల బల్ల మీద కూర్చుండిపోయి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

చిన్నమ్మాయి మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ నిలబడింది. ఆమె ముఖం ఎర్రబడింది. ఆమె తల్లిని నేను అమ్మా అన్నాను, ఆమె ఎదురుగానే. ఏమన్నా పడాల్సిందే అనుకున్నాను.

"మీకెన్నేళ్లు?" అంది.

"ముప్పై ఎనిమిది."

"నాకు ముప్పై నాలుగు" అంది. వాళ్లమ్మ వంక చూసింది. పిల్ల వంక చూసింది. కారు తాళాలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, జిప్పు చివరిదాకా లాగింది. ఆ తర్వాత పెట్టెని రెండు చేతులతో నా వైపు తోసింది.

"ఇది లోపల పెట్టక్కా. చాలా బరువుగా ఉంది."